కామెర్లు - నేల ఉసిరి ఆకు - పంచాయతీ కర్తవ్యము

తొలకరి వానలు కురిసి నేల తడిసిన కొలది దినములకే పొలము గట్లపైనను, పెరటి గోడల ప్రక్కను, బడి ఆవరణలలోను నేల ఉసిరి మొక్కలు మొలచును. ఎవరును విత్తనము చల్లరు. ఎవరును నీరు పోయరు. వానకాలములోనే మన గ్రామములలో కామెర్ల వ్యాధియు తలయెత్తుచుండును. ఇంటిలో ఒకరి కన్నులు పచ్చబడిన వెంటనే పెద్దలు మొదట తలచుకొనునది ఈ మొక్కనే. "నేల ఉసిరి పసరు మూడు ప్రొద్దులు త్రావించిన చాలును, కామెర్లు దిగిపోవును" అను మాట తెలుగునాట వినని వారు అరుదు.

ఈ మాటలో సత్యమెంత? ఆకునకు గల శక్తి ఎంత? అది చేయలేని పని యేది? వైద్యులు చర్చించుకొనవలసిన ఈ ప్రశ్నలతో పంచాయతీ సభ్యులకు పని యేమి అని కొందరికి తోచవచ్చును. పని కలదు. ఒక ఇంట ఒకరికి కామెర్లు వచ్చినచో అది ఆ ఇంటివారి కష్టము. ఒకే నెలలో ఒకే వీధిలో అయిదారు ఇండ్లలో వచ్చినచో అది ఆ వీధి కుళాయి తెలుపుచున్న సమాచారము. ఇంటింట పసరు నూరుకొని త్రావుచున్నంత కాలము ఆ సమాచారము పంచాయతీ కార్యాలయమునకు చేరదు. కావున ఈ ఆకును గూర్చి, ఈ వ్యాధిని గూర్చి సభ్యులు నిజము తెలిసికొనుట అవసరము.

మొక్క పరిచయము

నేల ఉసిరి ఏడాదిలో పుట్టి గిట్టు చిన్న మొక్క. అడుగు, అడుగున్నర ఎత్తు పెరుగును. సన్నని కొమ్మకు ఇరువైపుల చిన్న ఆకులు చింతాకువలె వరుసగా నుండును. కొమ్మను తిరుగవేసి చూచినచో ఆకుల మొదళ్ళలో చిన్న చిన్న ఆకుపచ్చని కాయలు వ్రేలాడుచుండును. ఉసిరికాయను అతి చిన్నదిగా చేసినట్లుండుటచే దీనికి నేల ఉసిరి అను పేరు వచ్చినది. సంస్కృతములో భూమ్యామలకి, తామలకి అందురు. కాయలు ఆకు క్రింద నుండుటను బట్టి తమిళులు కీళానెల్లి అనిరి. వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫిల్లాంథస్ అమారస్. అమారస్ అనగా లాటిను భాషలో చేదు. నమిలి చూచిన వారికి ఆ పేరు ఎంత తగినదో తెలియును.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. పాత గ్రంథములలో ఈ మొక్కను ఫిల్లాంథస్ నిరూరి అని వ్రాసిరి. తరువాత శాస్త్రజ్ఞులు పరిశీలింపగా మన దేశమున ఆ ఒక్క పేరుతో పిలువబడుచున్నవి ఒక్క జాతి మొక్కలు కావనియు, చూపునకు ఒకే తీరుగా నుండు వేర్వేరు జాతులనియు తేలినది. ఆకులలోని పదార్థములు జాతిని బట్టి మారును. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అను రెండు పదార్థములు అమారస్ జాతిలో ప్రసిద్ధములు. దాని ప్రక్కనే మొలచు మరియొక జాతిలో అవి ఆ మోతాదులో లేకపోవచ్చును. అనగా గట్టుపై కోసిన గుప్పెడు ఆకులో ఏ మొక్క యెంత యున్నదో కోసినవారికే తెలియదు. నూరినపుడు పసరు చిక్కగా వచ్చినదా, పలుచగా వచ్చినదా అనుదానిని బట్టి మోతాదు మారుచుండును.

ఆయుర్వేదము ఈ మొక్కకు చిరకాలముగా స్థానమిచ్చినది. కాలేయ సంబంధమైన వ్యాధులకును, దగ్గునకును, మూత్ర సంబంధమైన బాధలకును దీనిని వాడుదురు. కొన్ని విషపదార్థముల వలన ఎలుకల కాలేయమునకు కలుగు హానిని ఈ మొక్క సారము కొంత తగ్గించినట్లు నేటి ప్రయోగశాలలలో కనుగొనబడినది. కావున ఇది పనికిమాలిన కలుపు మొక్క అని త్రోసివేయుట న్యాయము కాదు. అయితే ఎలుకల కాలేయములో కనబడిన మేలు మనుష్యుని కామెర్లను కుదుర్చునని చెప్పుటకు వేరు నిదర్శనము కావలెను.

కామెర్లు అనగా నేమి?

కామెర్లు ఒక వ్యాధి పేరు కాదు. లోపలి వ్యాధికి వెలుపల కనబడు గుర్తు. మన రక్తములోని ఎర్రకణముల ఆయువు సుమారు 120 దినములు. కాలము తీరిన కణములు శిథిలమైనపుడు బిలిరూబిన్ అను పసుపు పదార్థము పుట్టును. దీనిని కాలేయము రక్తమునుండి తీసివేసి, పిత్తములో కలిపి ప్రేగులలోనికి పంపును. కాలేయము జబ్బుపడినను, పిత్తము పోవు మార్గము మూసికొనిపోయినను, ఎర్రకణములు మితిమీరి నశించినను ఆ పసుపు రక్తములో నిలిచిపోవును. అపుడు కన్నులలోని తెల్లగ్రుడ్డు, తరువాత చర్మము పచ్చబడును. మూత్రము చిక్కని పసుపు రంగున వచ్చును.

ఈ గుర్తు వెనుక దాగియున్న కారణములు పెక్కులు. అందు మన గ్రామములలో తరచుగా కనబడునవి ఇవి:

మొదటిది, నీటి ద్వారాను, ఆహారము ద్వారాను వచ్చు హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ అను వైరసులు. రోగి మలములోని వైరసు త్రాగునీటిలో కలిసి మరియొకరి నోటికి చేరును. వానకాలపు కామెర్లలో అధికభాగము వీని వలననే వచ్చును.

రెండవది, రక్తము ద్వారా వచ్చు హెపటైటిస్ బి, సి వైరసులు. శుభ్రము లేని సూదులు, పరీక్షింపని రక్తము, ఒకరి క్షురకత్తి మరియొకరికి వాడుట, తల్లినుండి బిడ్డకు సంక్రమించుట, లైంగిక సంపర్కము వీనికి మార్గములు. ఇవి కొందరి శరీరములో ఏండ్ల తరబడి నిలిచి, తుదకు కాలేయమును గట్టిపరచి, క్యాన్సరుకు సైతము దారితీయును.

మూడవది, సారాయి మొదలగు మత్తు పానీయములు. నాలుగవది, పిత్తాశయములో రాళ్ళు. ఇవిగాక మలేరియా, ఎలుకల మూత్రము కలిసిన నీటివలన వచ్చు లెప్టోస్పైరోసిస్, క్షయరోగపు మందుల వంటి కొన్ని మందుల దుష్ఫలితము, నవజాత శిశువుల కామెర్లు వేరు వేరుగా కలవు.

ఇన్ని కారణములకు ఒకే ఆకు, ఒకే మోతాదు, మూడే ప్రొద్దులు అనుట ఎట్లు పొసగును? రాయి అడ్డుపడి పిత్తమార్గము మూసికొన్న వానికిని, మలేరియాతో ఎర్రకణములు నశించుచున్న వానికిని కావలసిన చికిత్స ఒకటి కాదు.

ఆకునకు కీర్తి ఎట్లు వచ్చినది?

"మా తాతగారి నాటినుండి చూచుచున్నాము. ఆకు పసరు త్రాగినవారు లేచి తిరుగుచున్నారు గదా, అయ్యా!" అని గ్రామ పెద్దలు అడుగుదురు. వారు చూచినది అబద్ధము కాదు. దాని కారణమే వేరు.

హెపటైటిస్ ఎ, ఇ వైరసుల వలన వచ్చు కామెర్లు చాలమందిలో వాటంతట అవియే తగ్గును. శరీరము తన బలముతోనే వైరసును అణచివేయును. సామాన్యముగా రెండు నుండి ఆరు వారములలో కన్నులు తెల్లబడును, ఆకలి పుట్టును. ఆరోగ్యవంతులైన వారిలో నూటికి తొంబదియైదుగురికి పైగా ఈ విధముగానే కోలుకొందురు. నూరుమందికి పసరు పోసిన వైద్యునికి ఇంచుమించు అందరును కోలుకొనినట్లే కనబడును. ఏ మందును ఇవ్వక విశ్రాంతి మాత్రము ఇచ్చియుండినను ఆ లెక్క అట్లే యుండెడిది. కోలుకొనినవారు పసరును పొగడుదురు. మరణించినవారి విషయములో "ఆలస్యముగా వచ్చినాడు", "పథ్యము తప్పినాడు" అని జనులే సమాధానము చెప్పుకొందురు. ఈ విధముగా మందు ఎన్నడును ఓడిపోదు.

ఇట్టి భ్రమ తొలగవలెనన్నచో ఒకటే మార్గము. ఒకే విధమైన రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మందును, వేరొక జట్టుకు చూపునకు అట్లేయుండు ఉత్త గుళికలను ఇచ్చి, ఫలితములను పోల్చి చూడవలెను. నేల ఉసిరి విషయములో ఇట్టి పరీక్ష మన ప్రక్కనున్న మద్రాసులోనే జరిగినది.

మద్రాసు పరిశోధన - తరువాతి కథ

హెపటైటిస్ బి వైరసు గుర్తును 1960 దశకములో కనుగొని, 1976లో నోబెల్ బహుమతి పొందిన అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లంబర్గ్ మన దేశపు మూలికలయందు ఆసక్తి చూపెను. 1987లో ఆయనయు, ఆయన సహచరులును నేల ఉసిరి సారమును హెపటైటిస్ బి వంటి వైరసు గల వుడ్‌చక్ అను జంతువులపై ప్రయోగించి ఆశాజనకమైన ఫలితములను ప్రకటించిరి. వుడ్‌చక్ అనునది ఉడుత కుటుంబమునకు చెందినది.

1988లో మద్రాసులో ఎస్. పి. త్యాగరాజన్, బ్లంబర్గ్ ప్రభృతులు హెపటైటిస్ బి వైరసును చిరకాలముగా మోయుచున్న మనుష్యులపై చేసిన పరీక్ష లాన్సెట్ అను వైద్య పత్రికలో వెలువడినది. 30 దినములు నేల ఉసిరి పొడి గుళికలు తీసికొనిన 37 మందిలో 22 మందికి, అనగా నూటికి 59 మందికి, రక్తములో వైరసు గుర్తు కనబడలేదు. ఉత్త గుళికలు తీసికొనిన 23 మందిలో ఒక్కనికి మాత్రమే అట్లు జరిగినది. ఈ వార్త ప్రపంచమంతట వ్యాపించినది. మన గట్టుమీది మొక్క ఒక్కసారిగా ఖ్యాతి గాంచినది.

శాస్త్రములో ఒక్క పరీక్షతో తీర్పు రాదు. ఇతరులు చేసి చూచినను అదే ఫలితము రావలెను. థాయిలాండులోను, న్యూజిలాండులోను శాస్త్రజ్ఞులు ఆ పరీక్షను తిరిగి చేసిరి. మద్రాసులో కనబడిన ఫలితము వారికి కనబడలేదు. ఈ మొక్క జాతిపై పలు దేశములలో జరిగిన పరీక్షలనన్నిటిని ఒకచోట చేర్చి 2011లో కాక్రేన్ సంస్థ సమీక్షించినది. దీర్ఘకాలపు హెపటైటిస్ బి రోగులకు ఉత్త గుళికకన్న ఈ మొక్క మేలు చేయునని నమ్ముటకు తగిన సాక్ష్యము లేదని ఆ సమీక్ష తేల్చినది.

ఈ కథలో పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనవలసినది మరియొకటి కలదు. మద్రాసు పరీక్ష జరిగినది రక్తము ద్వారా వచ్చు బి వైరసును మోయుచున్న వారిపై. మన వీధిలో వానకాలమున కన్నులు పచ్చబడువారికి వచ్చునది చాలవరకు నీటి ద్వారా వచ్చు ఎ, ఇ వైరసులు. "నేల ఉసిరి కామెర్లకు మందని విదేశీయులే ఒప్పుకొనిరి" అని ప్రకటనలు వేయువారు ఈ రెండింటిని కలిపివేయుచున్నారు.

అపాయము ఎచ్చట నున్నది?

నేల ఉసిరి ఆకు స్వతహాగా విషము కాదు. పెద్దలు కొద్దిగా పుచ్చుకొనినందున ఘోరమైన హాని కలుగుట అరుదు. అపాయమంతయు ఆకు చుట్టు నల్లుకొనియున్న అలవాట్లలో కలదు.

మొదటి అపాయము కాలహరణము. మూడు ప్రొద్దులు చూతము, తొమ్మిది ప్రొద్దులు చూతము అని కూర్చుండగా చేయి జారిపోవు రోగులు కొందరుందురు. వారిలో మొదటివారు గర్భిణీ స్త్రీలు. హెపటైటిస్ ఇ ఇతరులకు సామాన్యముగా తేలికగా పోవును. కాని గర్భము చివరి మూడు మాసములలో ఆ వ్యాధి సోకిన స్త్రీలలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణించు ప్రమాదము కలదు. రెండు ప్రాణములు పోవు ఈ వ్యాధిని ఆకు పసరుతో ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు. గర్భిణికి కన్నులు పచ్చబడిన నాడే ఆసుపత్రికి చేర్చవలెను. పైగా ఈ పసరు గర్భిణులకు నిరపాయమని నిరూపింపబడలేదు.

రెండవ అపాయము పసరుతోపాటు చేయు ఇతర క్రియలు. కొన్ని చోట్ల ముక్కులో ఘాటైన పసరు చుక్కలు వేయుదురు. ముక్కునుండి పసుపుపచ్చని నీరు కారును. "కామెర్లు దిగుచున్నవి చూడుడు" అందురు. అది పుండుపడిన ముక్కు లోపలి పొరనుండి కారు నీరేగాని కాలేయములోని పసుపు కాదు. కాలేయమునకు, ముక్కునకు అట్టి దారి లేదు. కన్నులలో పసరు వేయుట చూపునకే ముప్పు. చేతి మీదనో, పొట్టమీదనో వాతలు పెట్టుట వలన వ్యాధి తగ్గదు. కాలిన పుండు చీముపట్టి రెండవ వ్యాధి తోడగును.

మూడవ అపాయము కఠినమైన పథ్యము. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు, పసుపు తగులరాదు అని వారముల తరబడి గంజితో ఉంచుదురు. జబ్బుపడిన కాలేయము కోలుకొనుటకు ఆహారము కావలెను. కూరలో వేసిన చిటికెడు పసుపు కన్నులలోనికి ఎక్కదు. రోగికి ఆకలికి తగినట్లు మామూలు అన్నము, పప్పు, మజ్జిగ, పండ్లు కొద్దికొద్దిగా పలుమారులు పెట్టవచ్చును. వాంతులు కలిగించునంత నూనె పదార్థములు మాత్రము తగ్గింపవలెను. పొట్ట ఉబ్బి నీరు చేరినవారికి ఉప్పు తగ్గింపుమని వైద్యుడే చెప్పును. సారాయి, కల్లు మొదలైనవి ఏ రూపమునను ముట్టరాదు. వైద్యుడు చెప్పని మాత్రలు దుకాణములో కొని మ్రింగరాదు.

నాలుగవది పసిబిడ్డల విషయము. పుట్టిన రెండవ, మూడవ దినమున అనేక శిశువులకు కొద్దిగా కామెర్లు వచ్చి తగ్గిపోవుట సహజము. కాని పుట్టిన 24 గంటలలోపల కన్నులు పచ్చబడినను, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినను, బిడ్డ పాలు త్రాగక మందముగా నున్నను తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆ పసుపు మెదడునకు హాని చేయగలదు. అచ్చట నీలి కాంతి క్రింద ఉంచి చికిత్స చేయుదురు. శిశువు నోట పసరు పోయుట ఎంతమాత్రము కూడదు.

పెద్దలలోను ఈ గుర్తులు కనబడినచో ఆలస్యము చేయక 108 వాహనమును పిలువవలెను: మగత, మాటలు తడబడుట, తికమక, ఆగని వాంతులు, పండ్ల చిగుళ్ళనుండిగాని, ముక్కునుండిగాని రక్తము కారుట, పొట్ట ఉబ్బుట, తీవ్రమైన జ్వరము, కడుపునొప్పి. దేహమంతయు దురద పుట్టి మలము తెల్లని సుద్దవలె వచ్చుచున్నచో పిత్తమార్గము మూసికొన్నదని అనుమానింపవలెను. క్షయకు మందులు వాడువారికి కామెర్లు వచ్చినచో ఆ దినమే వైద్యునికి చూపవలెను.

మూలము నీటిలో కలదు

పసరు పనిచేయునా లేదా అను వాదము ఎంతకాలము సాగినను, కొత్తగా కామెర్లు వచ్చుటను ఏ పసరును ఆపలేదు. దానిని ఆపగలది మంచినీరు. ఇచ్చటనే పంచాయతీ కర్తవ్యము ప్రారంభమగును.

1955 డిసెంబరు నుండి 1956 జనవరి వరకు ఢిల్లీ నగరమున సుమారు 29,300 మందికి కామెర్లు వచ్చినవి. వరదల తరువాత యమునా నది ప్రవాహము మారి, నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీరు వజీరాబాదు వద్ద నగరమునకు నీరు తోడు చోటికి చేరుటయే కారణము. ఆనాడు అధికారులు క్లోరిన్ మోతాదు పెంచిరి. ఆ కారణమున టైఫాయిడు వంటి వ్యాధులు ప్రబలలేదు. కాని వైరసు మాత్రము దాటి వచ్చినది. అది హెపటైటిస్ ఇ అని చాల ఏండ్ల తరువాత తేలినది. దీని వలన నేర్చుకొనవలసిన పాఠము స్పష్టము. మురుగును నీటిలో కలియనిచ్చి, పిమ్మట మందు చల్లి ఊరకుండరాదు. మొదట మురుగును దూరముగా నుంచవలెను. తరువాత తేటనీటికి క్లోరిన్ కలుపవలెను. 2005లో హైదరాబాదు నగరమునను నీటి గొట్టములలో మురుగు చేరుటచే హెపటైటిస్ ఇ వ్యాపించినది.

నగరములలో జరిగినదే గ్రామములలో చిన్న రూపమున జరుగుచున్నది. రక్షిత మంచినీటి పథకము గల గ్రామములలో కూడ కామెర్లు వచ్చుటకు ముఖ్య కారణము కుళాయి గుంటలు. నీరు సన్నగా వచ్చుచున్నదని ఇంటివారు కుళాయి వద్ద గుంట త్రవ్వి, గొట్టమును కోసి, బిందెను గుంటలో దింపి పట్టుకొందురు. నీరు వదలు వేళ గొట్టము నిండుగా నుండును. నీరు ఆపిన తరువాత గొట్టము ఖాళీయై, గుంటలో నిలిచిన మురికినీటిని లోనికి పీల్చుకొనును. మరునాడు ఆ మురికియే ఆ వీధి అంతటికిని మొదటి బిందెలో చేరును. మురుగు కాలువలోనుండి పోవు గొట్టమునకు చిల్లిపడినను ఇదియే జరుగును. ఒక ఇంటివారి గుంట పది ఇండ్లవారి వ్యాధి.

ఇంకొక సూక్ష్మము కలదు. వైరసు ఒంటిలో చేరినది మొదలు కన్నులు పచ్చబడువరకు హెపటైటిస్ ఎకు సుమారు నాలుగు వారములు, హెపటైటిస్ ఇకి రెండు నుండి పది వారములు పట్టును. కావున నేడు కామెర్లు కనబడినచో నేటి నీటిని మాత్రమే పరీక్షించిన చాలదు. నెల, నెలన్నర క్రిందట ఆ వీధిలో ఏమి జరిగినది? గొట్టము పగిలినదా? మరమ్మతు చేసిరా? వాన నీరు నిలిచినదా? జాతరగాని, పెండ్లిగాని జరిగి అందరు ఒకచోట నీరు త్రాగిరా? ఈ ప్రశ్నలు వేసినవారికే మూలము దొరకును.

ట్యాంకు శుద్ధి, క్లోరిన్

మంచి బ్లీచింగ్ పౌడరులో నూటికి 33 వంతుల క్లోరిన్ ఉండును. మూత తీసియుంచిన సంచిలోను, ఎండ తగులు చోటను ఉంచినచో ఆ శక్తి తగ్గిపోవును. కావున మూతగల డబ్బాలో, చల్లని పొడి చోట నిలువ చేయవలెను. తేటనీటికి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల పొడి ప్రారంభపు లెక్క. 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లరాదు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మరల నీరు పోసి, సున్నము అడుగునకు దిగిన తరువాత పైతేటను మాత్రము ట్యాంకులో కలుపవలెను. కనీసము అరగంట ఆగి నీరు వదలవలెను.

ఎంత వేసితిమి అనునదికాక, చివరి కుళాయిలో ఎంత మిగిలినది అనునదే అసలు పరీక్ష. అచ్చట లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. కామెర్లు మొదలగు వ్యాధులు కనబడు రోజులలో 0.5 మిల్లీగ్రాములు ఉండవలెను. తక్కువైనచో పొడి మోతాదు పెంచవలెను. దీనికి క్లోరోస్కోపు అను చిన్న పెట్టె చాలును. అందలి మందు చుక్కలు వేసిన నీరు పసుపు రంగునకు తిరిగినచో క్లోరిన్ ఉన్నట్లు. కుళాయి నీటిలో ఈ పసుపు కనబడు ఊరిలో కన్నులలో ఆ పసుపు తక్కువగా కనబడును.

పసరు వైద్యునితో ఎట్లు మెలగవలెను?

పసరు ఇచ్చువారు సామాన్యముగా ఊరివారే. పలువురు డబ్బు పుచ్చుకొనరు. తమ పెద్దలనాటి నుండి వచ్చిన ధర్మమని ఇచ్చుచుందురు. వారిని గ్రామసభలో నిలిపి నిందించుట వలన ప్రయోజనము లేదు. జనులు వారివద్దకు రాత్రివేళ పోవుదురు, అంతే.

వారివలన పంచాయతీకి ఒక గొప్ప ఉపకారము కలుగగలదు. ఊరిలో ఎవరికి కామెర్లు వచ్చినవో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలియుటకు ముందు వారికి తెలియును. సర్పంచిగాని, వార్డు సభ్యుడుగాని వారి ఇంటికి పోయి, "పెద్దాయనా, మీ దగ్గరకు వచ్చినవారి పేరు, వీధి ఆశా కార్యకర్తకు చెప్పండి. గర్భిణులను, పసిబిడ్డలను మీరు చేయిపట్టకుండ ఆసుపత్రికి పంపండి. ముక్కులో, కంటిలో పసరు వేయకండి, వాతలు పెట్టకండి" అని మర్యాదగా అడుగవలెను. ఊరి మేలు కోరువారు ఈ మాటను కాదనరు. ఆయుర్వేదమునందు విశ్వాసము గలవారు అర్హతగల ఆయుర్వేద వైద్యుని వద్దకు పోవచ్చును; అట్టివారు సైతము రక్తపరీక్ష చేయించుకొనుట మానరాదు.

పంచాయతీలు చేయదగిన పనులు

ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టమును గ్రామ పంచాయతీలకు త్రాగునీరు, పారిశుధ్యము ముఖ్య విధులుగా అప్పగించినవి. దానికి తగినట్లు ఈ క్రింది పనులు పూనుకొనవచ్చును.

1. వానలకు ముందే ప్రతి వీధిలోని కుళాయి గుంటలను లెక్కించి, పూడ్పించి, కుళాయిని నేలకు పైకి ఎత్తి బిగింపవలెను. నీరు సన్నగా వచ్చు వీధులకు వేళలు మార్చియో, గొట్టము మార్చియో సదుపాయము చేయనిదే గుంటలు మరల పుట్టును.

2. మురుగు కాలువను దాటు గొట్టములను సభ్యులు స్వయముగా నడచి చూచి, చిల్లులున్నచోట మరమ్మతు చేయింపవలెను.

3. ట్యాంకును క్రమము తప్పక కడిగించి, కడిగిన తేదీని ట్యాంకు మీదనే వ్రాయింపవలెను. చివరి కుళాయిలో క్లోరిన్ పరీక్ష ఫలితమును ఒక పుస్తకములో ఎక్కింపవలెను.

4. ఒక నెలలో ఒకే వీధిలో రెండు ఇండ్లలో కామెర్లు కనబడినచో ఏ.ఎన్.ఎం. ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలియజేయవలెను. ఆ వీధిలో నీరు కాచి త్రాగుమని చాటింపు వేయింపవలెను. నీరు తెర్లుట మొదలైన పిమ్మట మరి అయిదు నిమిషములు కాచి చల్లార్చిన చాలును.

5. ఆ వీధిలోని గర్భిణీ స్త్రీల పేర్లు ఆశా కార్యకర్త వద్దనుండి తెలిసికొని, వారి ఇండ్లకు ముందుగా కబురు పంపవలెను.

6. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల హెపటైటిస్ బి టీకా, తరువాత 6, 10, 14 వారములకు టీకాలు అందునట్లు చూడవలెను. ఆ వ్యాధికి బి, సి అను రెండు రూపములకును పరీక్షలు, మందులు ఉచితముగా ఇచ్చుటకు జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము 2018 జూలై 28న ప్రారంభింపబడినది. దీనిని గూర్చి గ్రామసభలో చెప్పవలెను.

7. మరుగుదొడ్డి వాడకము, మలవిసర్జన తరువాతను, అన్నమునకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనుట బడిపిల్లలకు అలవాటు చేయింపవలెను.

నేల ఉసిరి మొక్క మన గట్లపై మొలచుచునే యుండును. దాని చేదును, దాని గుణములను శాస్త్రజ్ఞులు పరిశోధించుచునే యుందురు. దానిపై మనకు గల గౌరవము తగ్గనక్కరలేదు. కాని ఊరి ఆరోగ్యపు బరువంతయు ఆ చిన్న ఆకుమీద మోపుట తగదు. ఈ వానకాలమునకు ముందే ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని గుంట కుళాయిలను ఒకసారి లెక్కించి, ఆ సంఖ్యను వచ్చు పంచాయతీ సమావేశమున నోటితో చెప్పవలెను. ఆ సంఖ్య సున్న అగు దినమున పసరుకై పరుగెత్తవలసిన ఇండ్ల సంఖ్యయు తగ్గును. ఆ ఇండ్లలో ఏదైన ఒకదానియందు తల్లియు, బిడ్డయు సుఖముగా నుందురు.